రాసేవాళ్ళు పైకి చూడకూడదు

డేగల్ని లెక్కపెట్టే చోట ఇద్దరుంటారు. ఒకరు చూసి చెబుతారు, ఇంకొకరు రాస్తారు. రాసేవాళ్ళు పైకి చూడకూడదు. ఇద్దరూ చూస్తే ఒకే పిట్టని ఇద్దరూ చెబుతారు, ఒకటి రెండవుతుంది. అందుకని రాసేవాళ్ళ కళ్ళు పుస్తకం మీదే ఉండాలని ఈ లెక్కలు సరిచూసే మేష్టారు అట్ట లోపల ఎర్రసిరాతో రాసిపెట్టారు. ఆ నియమాన్ని నేను తప్పాను. తప్పినందుకు కాదు, తప్పి ఊరుకున్నందుకు మా పెదనాన్న కుడికన్ను పోయింది.

పెదనాన్న బస్సు డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపి, బండికి ఒక్క గీత పడనివ్వకుండా అప్పగించి ఇంటికొచ్చాడు. అరమైలు దూరంలో చెయ్యెత్తినవాడు బస్సెక్కే మనిషో, ఊరికే పలకరించే మనిషో అక్కడినుంచే చెప్పేవాడినని అనేవాడు. ఉద్యోగంలో ఉండగానే, సెలవు రోజుల్లో ఈ లెక్కలోకి దిగాడు. అది ఇరవై ఏళ్ళ కిందటి మాట.

వానలు వెనకబట్టి ఆకాశం కడిగిన గిన్నెలా తేలాక డేగలు దిగుతాయి. చలి ముదిరే చోటు వదిలి, వెచ్చగా ఉండే చోటికి రెండు నెలలపాటు పోతూనే ఉంటాయి. మా కొండ వాటి దారిలో ఉంది. కొండ కొమ్మున వాడకం మానేసిన పంపుహౌసు ఒకటుంది. దాని సిమెంటు కప్పుకి మేం పెట్టుకున్న పేరు మేడ. పైకి పదిహేడు ఇనపమెట్లు. పొద్దెక్కి రాళ్ళు వేడెక్కాక గాలి పైకి లేస్తుంది. ఆ గాలిలో డేగలు రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ, చుక్కలంత అయ్యేదాకా పైకి పోయి, అక్కణ్ణుంచి దక్షిణానికి జారతాయి. అలా తిరిగే గుంపుని సుడి అంటాం. సుడిలో ఉన్నప్పుడు లెక్కపెట్టకూడదు. జారేటప్పుడు ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. గంటకొక వరస చొప్పున గాలి, మబ్బు, డేగలు, చూసినవారు, రాసినవారు అని గళ్ళుంటాయి. అదంతా ఒక ఆఫీసుకి వెళుతుంది. అక్కడ చాలా కొండల లెక్కలు కలిపి, పిట్టలు తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో చూస్తారు. జీతం బత్తెం లేని కొలువు.

ఎవరైనా నవ్వితే పెదనాన్న, "కాకిలెక్కలు కావమ్మా, డేగలెక్కలు" అనేవాడు.

ఆ ఇరవై ఏళ్ళూ రాసింది పెద్దమ్మ. ఆయన నిలబడి చెప్పడం, ఆవిడ మడతకుర్చీలో కూర్చుని రాయడం. నేను చెబుతున్న ఏడు, ఎండాకాలం చివర దండెం మీద దుప్పటి ఆరేస్తూ కూలబడింది, మళ్ళీ లేవలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. డేగల కాలం దగ్గరపడుతుండగా మా అమ్మ నన్ను పక్కకి పిలిచి, "మీ పెదనాన్న కొండెక్కకపోతే మంచమెక్కుతాడు. నువ్వెళ్ళి రాయి" అంది.

నేను దర్జీ దగ్గర కాజాలు కుడతాను. పల్లెటూరి బడిలో చదివినదాన్ని. అక్కడ నాకు బాగా అబ్బింది గుండ్రటి చేతిరాత ఒక్కటే. మాట తక్కువ. మూగనోము పట్టావా అని దర్జీ ఇప్పటికీ అంటూంటాడు. బుధ, శని, ఆదివారాలు మేడ మీద మా వంతు. ఆ మూడు రోజుల పనీ మిగతా రోజుల్లో సర్దుతానంటే ఆయన ఒప్పుకున్నాడు.

మొదటి రోజు మేడెక్కేసరికి మడతకుర్చీ వేసి ఉంది. దానిమీద పెద్దమ్మ కుట్టిన దిండు ఉంది. నేను కూర్చోకుండా నిలబడ్డాను.

"కూర్చో. ఖాళీ కుర్చీ గాలికి పడిపోతుంది" అన్నాడు పెదనాన్న.

కూర్చున్నాను. దిండు ఒకపక్క అణిగి ఉంది. ఆవిడ ఎడమవైపు ఒరిగి రాసేదన్నమాట.

"అట్ట లోపల చదివావా?"

"చదివాను."

"ఏముంది?"

"రాసేవాళ్ళు పైకి చూడకూడదని."

"మరి ఎటు చూస్తున్నావు?"

నేను తల దించుకున్నాను. ఆయన నవ్వలేదు. పెద్దమ్మ పోయాక ఆయన హాస్యాలాడటం మానలేదు గానీ వాటికి తను నవ్వడం మానేశాడు.

మొదటి రెండు వారాలూ పిట్టలు రాలేదు. రెండు, అయిదు, సున్నా, సున్నా. గాలి ఎదురుగా ఉందనేవాడు. సున్నా కూడా లెక్కేననేవాడు. కళ్ళల్లో వత్తులు వేసుకుని పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా నిలబడేవాడు. నేను తల దించుకుని ఆయన చెప్పుల్ని చూస్తూండేదాన్ని. ఆయన ఎటు తిరిగాడో, ఎంతసేపు ఆగాడో చెప్పుల్ని బట్టే తెలిసేది.

ఒకరోజు మధ్యాహ్నం సీసాలోని టీ మూతలో పోసి నాకిస్తూ అన్నాడు: "ఈ ఏడు కూడా లెక్క పడాలే. పడకపోతే, మీ పెద్దమ్మ పోయిందని పిట్టలకి కూడా తెలిసిపోయినట్టు ఉంటుంది."

నేను టీ తాగి మూత తిరిగిచ్చాను.

ఆ తర్వాతి బుధవారం, పది దాటాక, ఆయన చెప్పులు ఒక్కసారిగా ఉత్తరానికి తిరిగాయి. చేతిలో నొక్కి లెక్కపెట్టే మిషను ఒకటుంటుంది. అది టకటకమని మోగడం మొదలైంది. అంత వేగంగా అది మోగడం నేను అప్పటిదాకా వినలేదు.

"రాయి. నలభై" అన్నాడు. ఆయన గొంతులో నవ్వుంది. "వచ్చాయే. చాలా ఎత్తున పోతున్నాయి. గడుసువి, చూపు పెట్టేలోపే పక్కకి జారిపోతున్నాయి."

నలభై డేగల్ని ఒక్కసారి చూడాలనిపించింది, అంతే. పైకి చూశాను.

ఆకాశంలో ఏమీ లేదు.

చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని మళ్ళీ చూశాను. నేను మసక వెలుతురులో సూదిలో దారం ఎక్కించేదాన్ని. దూరంగా ఒక గద్ద తిరుగుతోంది, అది ఊరి గద్ద, ఎప్పుడూ ఉండేదే. దాని రెక్క చివర చీలికలు కూడా కనబడుతున్నాయి. ఇంకేం లేదు. ఆయన మాత్రం దుర్భిణి కళ్ళకి పెట్టుకుని, మెడ కొంచెం కొంచెం కుడికి తిప్పుతూ, పోయేవాళ్ళని సాగనంపుతున్నట్టు చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

నేను తల దించుకుని నలభై అని రాశాను.

అబద్ధమాడుతున్నాడనుకున్నాను. పదిని పదకొండని ఎరగని మనిషి, పెద్దమ్మ పుస్తకం ఖాళీగా పోతుందని లేని పిట్టల్ని చెబుతున్నాడనుకున్నాను. అలా అనుకున్నాక ఆయన మీద జాలి పొంగింది. ఎవరికి నష్టం, నాలుగు అంకెలేగా అనుకున్నాను. దిగేటప్పుడు ఆయన పదిహేడు మెట్లూ ఈలవేస్తూ దిగాడు. ఆ ఈల మా ఇంట్లో అందరం మరిచిపోయిన ఈల. ఇంటికెళ్ళి అమ్మకి చెబితే కళ్ళు తుడుచుకుంది. "పోనీలే, ఆ పిట్టలే ఆయన్ని నిలబెడతాయి" అంది. పిట్టలు లేవని నేను అమ్మకి కూడా చెప్పలేదు.

శనివారం ఇరవై రెండు. ఆదివారం ఒక గంటలో ముప్ఫై అయిదు, ఇంకో గంటలో అరవై అయిదు. ప్రతిసారీ పైకి చూశాను. ప్రతిసారీ రాశాను. మధ్యమధ్య నిజం పిట్టలు కూడా వచ్చేవి, మూడో నాలుగో. వాటినీ సరిగ్గానే చెప్పేవాడు. అబద్ధాల మధ్య నిజాలు ఎందుకంత జాగ్రత్తగా చెబుతున్నాడా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించి పోయింది.

సోమవారం సాయంత్రం కూర పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో తెల్లగోడకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నేను గిన్నె పెడుతుంటే గాల్లో చప్పట్లు కొట్టాడు, ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"ఏమిటి పెదనాన్నా?"

"దోమలు. మీ పెద్దమ్మ ఉన్నప్పుడు ఒక్కటి ఉండేది కాదు. ఇప్పుడు వంటిల్లంతా వాటిదే." అరచేతులు విప్పి చూసుకున్నాడు. "దొరకవు వెధవవి."

నాకు ఒక్క దోమా కనబడలేదు. కుట్టనూ లేదు. కిటికీ మూసి వచ్చాను.

తర్వాతి శనివారం మేష్టారు వచ్చారు. ఆయన మా కొండకి ఉత్తరంగా ఉన్న ఇంకో కొండ మీద లెక్కపెడతారు. అక్కడ దాటిన పిట్టలే గంటో గంటన్నరో అయ్యాక మా మీదుగా పోవాలి. రెండు కొండల పుస్తకాలూ చూసేది ఆయనే. మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నారు.

"ఏమయ్యా డ్రైవరూ, నా కొండ మీద పోయిన ఆదివారం మొత్తం తొమ్మిది. నీ కొండ మీద వంద పైచిలుకు. నన్ను దాటకుండా నీ దగ్గరికెలా వచ్చాయి? నీ బస్సెక్కి వచ్చాయా?"

"ఎత్తున పోతున్నాయి మేష్టారూ. ముందు ఆ కళ్ళద్దాలు తుడుచుకోండి."

"నిన్ననే తుడిచాను."

"దేంతో? పంచె కొంగుతోనేనా? అందుకే తొమ్మిది."

మేష్టారు నవ్వారు గానీ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. వెళ్ళేటప్పుడు ఆయన్ని నేను కిందదాకా దిగబెట్టాను. చివరి మెట్టు మీద ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, నువ్వు చూశావా ఆ పిట్టల్ని?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. పైనున్న పెదనాన్నకి వినబడదు. మేష్టారు మంచివారు. నేను మెట్ల రెయిలింగు తుప్పు గోటితో గీకుతూ, "రాసేవాళ్ళు పైకి చూడకూడదు కదండీ" అన్నాను.

ఆయన కొంచెంసేపు నా ముఖంలోకి చూశారు. "అవును. ఆ నియమం పెట్టింది నేనేగా" అని వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం పొద్దున నూటపన్నెండు రాయించాడు పెదనాన్న. ఇరవై ఏళ్ళలో ఒక గంటకి అంత పెద్ద అంకె లేదట. కానీ ఈసారి ఈలలేదు. రెండుమూడుసార్లు కళ్ళు నులుముకున్నాడు.

"మెరుస్తోందే" అన్నాడు, తూర్పుకి తిరిగి. "ఎండలో మెరుపేమిటి, చిత్రంగా."

నేను చూశాను. ఎండ ఎండలాగే ఉంది.

మూడు గంటల వరస రాయించేటప్పుడు, "గాలి?" అని అడిగాను.

"ఉత్తరం, నెమ్మది."

"మబ్బు?"

ఆయన చెప్పులు కుడికి తిరిగాయి. "కుడివైపునుంచి కమ్ముకొస్తోంది. నల్లగా. రాయి. దిగిపోదాం, తడుస్తాం."

పైకి చూశాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క మబ్బుతునక లేదు. నీలం తప్ప ఇంకేం లేదు.

లేని పిట్టల్ని ఎందుకు చెబుతున్నాడో నాకు తెలుసనుకున్నాను. లేని మబ్బుని ఎందుకు చెబుతాడు? మబ్బు వస్తే పుస్తకానికి ఏం లాభం? ఆ ప్రశ్న అప్పుడు నా గొంతుదాకా వచ్చింది. అడిగితే, పైకి చూశానని ఒప్పుకోవాలి. ఇన్ని రోజులూ చూస్తూనే ఉన్నానని ఒప్పుకోవాలి. నా గుండ్రటి చేతిరాతతో మబ్బు గడిలో 'కుడివైపు, నలుపు' అని రాసి, పుస్తకం సంచిలో పెట్టాను. దిగేటప్పుడు ఆయన రెయిలింగుని రెండు చేతులా పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి దిగాడు. మోకాళ్ళేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున పనికి పోతూ వాళ్ళింట్లోకి తొంగిచూశాను. టీ పోసుకుంటున్నాడు. టీ గ్లాసు పక్కన బల్లమీద పడుతోంది. ఆయన ఆపకుండా పోస్తూనే ఉన్నాడు.

"పెదనాన్నా, గ్లాసు."

"ఆఁ" అని ఆపి, బల్లని చేత్తో తడిమాడు. నవ్వబోయాడు. "నిన్నటి మబ్బు ఇంట్లోకి కూడా వచ్చిందే. కుడిపక్కంతా అదే. రాత్రి పడుకుని లేస్తే పోతుందనుకున్నాను."

చేతిలోని సంచి కింద పెట్టేశాను. నిన్నటి పుస్తకం ఇంకా అందులోనే ఉంది. నలభై, ఇరవై రెండు, దోమలు, మెరుపు, మబ్బు. అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఆయన ఒక్కరోజు కూడా అబద్ధమాడలేదు. కనబడిందే చెప్పాడు. కనబడనిది రాసింది నేనే.

కంటాసుపత్రికి బస్సులో గంటన్నర. ఆయన అలవాటుగా ముందు సీట్లో కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలమీద బ్రేకు తొక్కుతోంది. నేను ఆ కాలివైపే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. ఆయన కంట్లో మందు వేసి, చాలాసేపు లైటు పెట్టి చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపింది.

"కంటి లోపల ఒక పల్చటి పొర ఉంటుంది తాతగారూ. అది చిరిగి, ఊడి వస్తోంది. ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది? నల్లటి చుక్కలు, పురుగులు ఎగిరినట్టు కనబడ్డాయా?"

"లేదమ్మా. దోమలున్నాయి గానీ అవి దోమలే."

"మెరుపులు?"

"నిన్న మెరిసింది. మబ్బు పట్టింది కదా."

డాక్టరమ్మ నావైపు చూసింది. "మొదలైన రోజు తెలిస్తే బాగుంటుంది. ఎవరికీ గుర్తుండదు లెండి."

నాకు గుర్తుంది. రోజు కాదు, గంటతో సహా. నేను సంచిలోంచి పుస్తకం తీసి, ఆ బుధవారం పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఏ అంకెలు ఏమిటో వేలితో చూపించాను. ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక, గొంతు తగ్గించకుండానే పైకి చదివింది. డాక్టర్లు జబ్బుచీటీ చదివినట్టే చదివింది.

"బుధవారం పది గంటలకి నలభై. అంటే అప్పుడే మొదటి చిరుగు. శనివారం ఇరవై రెండు. ఆదివారం అరవై అయిదు, కొంచెం రక్తం చిమ్మి ఉంటుంది. ఇదిగో, నిన్న పొద్దున నూటపన్నెండు. నిన్న మూడుగంటలకి మబ్బు. అదే పొర ఊడటం."

పెదనాన్న తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కంట్లో వేసిన మందు చెంప మీదకి కారుతోంది.

"అవి పిట్టలు కావా అమ్మా?" అన్నాడు.

"కావు తాతగారూ. మీ కంట్లోవే."

"నూటపన్నెండు కూడానా?"

ఆవిడ లైటు ఆపేసింది. నన్ను బయటికి పిలిచి, ఆపరేషన్ చేస్తామని, చూపు వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పింది. "ఆ మొదటి బుధవారమో శనివారమో తీసుకొచ్చి ఉంటే పావుగంట పని. చిరుగు చుట్టూ కాంతితో అతికేస్తాం, ఇంక పెరగదు. మీకెవరికీ ముందే అనుమానం రాలేదా?"

కాజా అంటే అదే. గుడ్డలో ఒక చిన్న కోత. దాని చుట్టూ దగ్గరదగ్గరగా దారం వేస్తే ఆ కోత అక్కడితో ఆగిపోతుంది. వెయ్యకపోతే గుడ్డంతా చిరుగుతుంది. రోజుకి అరవై కుడతాను నేను.

ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు బోర్లా పడుకోమన్నారు. కంట్లో నింపిన గాలి బుడగ పొరని వెనక్కి నొక్కి ఉంచాలంటే ముఖం నేలకేసే ఉండాలట. ఇరవై శరత్తులు ఆకాశం చూసిన మనిషి మంచం అంచున గడ్డం ఆనించి నేలని చూస్తూ పడుకున్నాడు. నేను పక్కన పీటమీద కూర్చునేదాన్ని. ఆయనకి నా కాళ్ళు మాత్రమే కనబడేవి. నాలుగోరోజు మధ్యాహ్నం నేలతో అన్నట్టు అన్నాడు.

"అమ్మాయ్. నువ్వు పైకి చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే. నలభై అన్నప్పుడు."

"ఏం కనబడింది?"

"ఏమీ లేదు."

నా కాలివేళ్ళు ముడుచుకున్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడని తెలిసి కూడా విప్పలేకపోయాను.

"మరి ఎందుకు రాశావు?"

"నువ్వు సంతోషంగా ఉన్నావని."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"మీ పెద్దమ్మ కూడా చూసేది" అన్నాడు చివరికి. "ఇరవై ఏళ్ళూ చూసేది. ఆ నియమం మేష్టారి కోసం. నేను పద్నాలుగు అంటే, 'పదమూడే, ఒకటి కాకి. కొట్టెయ్' అనేది. ఎంత గొడవపడేవాళ్ళమో. ఒక్క అంకె కూడా ఊరికే పడనిచ్చేది కాదు." ఆగి, మంచం కోడుని వేలితో రుద్దాడు. "నేను చెప్పినవన్నీ మారుమాట లేకుండా నువ్వు రాస్తూంటే, ఈ ఏడు నా లెక్క అంత సరిగ్గా ఉందనుకున్నానే."

అరిస్తే బాగుండేది. అరవలేదు. కాసేపటికి మంచినీళ్ళు అడిగాడు. పడుకునే తాగడానికి గ్లాసులో గొట్టం పెట్టి ఇచ్చాను.

రెండు వారాలయ్యాక కట్టు విప్పారు. ఎడమకన్ను మూసి, కుడికంటి ముందు డాక్టరమ్మ వేళ్ళు చూపించింది. ఎన్ని అంది. ఆయన చాలాసేపు ప్రయత్నించాడు. "వెలుతురు ఉందమ్మా" అన్నాడు మర్యాదగా, ఆవిడ నొచ్చుకుంటుందేమోనని. అంతే మిగిలింది.

డేగల కాలం ఆఖరి ఆదివారం మేడ మీదకి వెళదామన్నాడు. అమ్మ వద్దంది. మేష్టారు ఆయన చెయ్యి పట్టుకుని, "మెట్లు పదిహేడు, నేను లెక్కపెడతాను, నువ్వు అడుగెయ్" అన్నారు. పదకొండో మెట్టు దగ్గర ఇద్దరూ లెక్క తప్పి పోట్లాడుకున్నారు.

పుస్తకం మర్నాడు ఆఫీసుకి వెళ్ళాలి. తప్పు అంకెలు దిద్దాలి. పేజీలు చింపేద్దామా అని అడిగాను.

"చింపకూడదు" అన్నారు మేష్టారు. "ఒకే ఒక గీత కొట్టు. కింద ఉన్న అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన కారణం రాయాలి. కారణం కింద రాసినవాళ్ళ సంతకం పెట్టాలి."

"ఏం కారణం రాయను?"

మేష్టారు పెదనాన్న వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. "చూసినవారికి అనారోగ్యం అని రాయమ్మా. చాలు."

చాలదు. ఆయనకి అనారోగ్యమని ఆ గంటలో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంకొకటి. మడతకుర్చీలో కూర్చుని, మొదటి బుధవారం పేజీ తెరిచి, నలభై మీద గీత కొట్టి, పక్కన 'పిట్టలు లేవు. నేను చూశాను' అని రాసి సంతకం పెట్టాను. ఇరవై రెండు మీద గీత. 'పిట్టలు లేవు. నేను చూశాను.' మొత్తం పదకొండు గళ్ళు. పన్నెండోది మబ్బు. దానిమీద గీత కొట్టి, 'ఆకాశం నిర్మలం. నేను చూశాను' అని రాశాను.

"అయిందా?" అన్నాడు పెదనాన్న.

"అయింది."

"ఏం రాశావో చదువు."

మేష్టారు ఎందుకులే అన్నట్టు చెయ్యి ఊపారు. నేను చదివాను. పదకొండుసార్లు అదే మాట. మూడోసారికే చాలంటాడనుకున్నాను. అనలేదు. తలవంచుకుని, ప్రతి వరసకీ చిన్నగా తల ఊపుతూ, అన్నీ విన్నాడు. మబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. గాలి ఒక పేజీ తిప్పేసింది. ఆయన వేచి ఉన్నాడు. నేను మళ్ళీ పేజీ వెనక్కి తిప్పి, అది కూడా చదివాను.

"సరే" అన్నాడు. "లే. నేను కూర్చుంటాను. పెన్ను ఇటివ్వు."

దుర్భిణి నా మెడలో వేశాడు. తోలుపట్టీ ఆయన మెడకి అలవాటైంది, నాకు బొడ్డుదాకా వేలాడింది. దాన్ని ముడివేసుకుని ఉత్తరానికి తిరిగి నిలబడ్డాను. ఆయన పెద్దమ్మ దిండు మీద కూర్చుని, పుస్తకం ఎడమకంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

పదకొండు దాటాక ఒక్కటి వచ్చింది. ఆలస్యంగా బయల్దేరిందో, దారి తప్పిందో, ఒంటరిగా ఉంది. గాలిలో నాలుగు చుట్లు తిరిగి పైకి పోయి, రెక్కలు చాచి దక్షిణానికి జారింది. కనబడకుండా పోయేదాకా చూశాను.

"డేగ ఒకటి" అన్నాను.

పెన్ను కాగితం మీద గీరుకున్న చప్పుడైంది. తల తిప్పి చూశాను. ఒకటి వంకరగా, మబ్బు గడిలో పడింది. ఆయన తృప్తిగా మూత పెడుతున్నాడు. మేష్టారు కూడా చూశారు. చూసి, ఫర్వాలేదు, తర్వాత దిద్దుకుందాం అన్నట్టు నాకు కనుసైగ చేశారు.

"గడి తప్పింది పెదనాన్నా" అన్నాను. "కొట్టెయ్."

ఆయన చెయ్యి ఆగింది. పుస్తకాన్ని ముఖానికి ఇంకా దగ్గరగా తెచ్చుకుని వెతికాడు. కనబడింది కాబోలు, మూత తీసి దానిమీద ఒక గీత కొట్టాడు. పక్క గడి ఎక్కడుందో వేలితో తడుముకుని, అందులో ఒకటి వేశాడు.

"ఇప్పుడు?"

వంగి చూశాను. గీతకి కొంచెం ఆనుకుంది గానీ, గడిలోనే ఉంది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాను.